దొంగ అప్‌డేట్ మింగిన గొంతులు

2018లో కేజీఎఫ్‌లో, రాబర్ట్‌సన్‌పేట మార్కెట్ వెనక వీధిలో నాకు కంప్యూటర్ రిపేరు అంగడి ఉండేది. బంగారు గనులు మూతపడి అప్పటికి పదిహేడేళ్లు. పనికి పోయేవాళ్లంతా తెల్లవారకముందే మారికుప్పం రైలెక్కి బెంగళూరు పోతారు. పగటిపూట నా దగ్గరికి వచ్చేది ఎక్కువగా ముసలివాళ్లే.

వాళ్లలో నారాయణప్ప సార్ ఒకరు. గనిలో టైమ్ ఆఫీసు గుమాస్తాగా, అంటే లోపలికి దిగేవాళ్ల హాజరు రాసే పనిలో, ఉద్యోగమంతా గడిపినారు. గని దుమ్ముకు ఊపిరితిత్తులు చెడిన పాత కార్మికుల ఇండ్లకు పోయి, వాళ్లు చెప్పేది రికార్డు చేసి లాప్‌టాప్‌లో పెట్టుకునేవారు. ఎనిమిదేండ్లలో అరవైమందికి పైగా ఆయనతో మాట్లాడినారు. అందులో సగంమంది అప్పటికే పోయినారు.

ఆ ఏడు మొదట్లో ఒకరోజు ఆయన, అప్‌డేట్ అంటే ఏమి, చెయ్యాలా వద్దా అని అడిగినారు. అంగడిలో నలుగురు నిలబడి ఉన్నారు. నేను ప్రింటర్ విప్పుకుని కూర్చున్నాను. తల ఎత్తకుండానే, "అప్‌డేట్ అని వస్తే వాయిదా వెయ్యొద్దు సార్, వెంటనే చేసేయండి" అన్నాను. ఆయన ఆ మాట చిన్న నోటుబుక్కులో రాసుకున్నారు.

ఆరేడు నెలలకు ఒక పొద్దున ఆయన లాప్‌టాప్ సంచీతో వచ్చి నిలబడినారు. ఫైళ్లు ఏవీ తెరుచుకోవడం లేదన్నారు. చూస్తే ప్రతి ఫైలు పేరు చివర అర్థంకాని అక్షరాలు చేరి ఉన్నాయి. పక్కనే ఇంగ్లీషులో ఒక చీటీ: డబ్బు కడితేనే తాళంచెవి ఇస్తామని. దీన్ని రాన్సమ్‌వేర్ అంటారు. మన ఫైళ్లకు మనకు తెలియని తాళం వేసే వైరస్.

ముందురోజు ఏం చేసినారో మెల్లగా అడిగినాను. పాత రికార్డింగులను సీడీలోకి మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ కోసం నెట్‌లో వెతుకుతుంటే తెర నిండా ఒక బొమ్మ వచ్చిందంట. మీ బ్రౌజర్ పాతబడింది, వెంటనే అప్‌డేట్ చేయండి అని. నొక్కినారు. ఏదో ఫైలు దిగింది. దాన్ని తెరిచినారు. అనుమతి అడిగితే సరే అన్నారు.

"బ్యాకప్ ఉందా సార్?" అన్నాను. బ్యాకప్ అంటే వేరేచోట దాచిన నకలు.

ఆయన సంచీలోంచి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తీసినారు. దాన్ని ఎప్పుడూ లాప్‌టాప్‌కే తగిలించి ఉంచేవారంట. తాళం దానికీ పడింది.

ఇలాంటి తాళాలు కొన్నిటికి నెట్‌లో ఉచిత తాళంచెవులు దొరుకుతాయి. దీనికి దొరకలేదు. తాళం పడేటప్పుడు చెరిగిపోయిన అసలు ఫైళ్లను తిరిగి లాగే సాఫ్ట్‌వేర్‌తో నాలుగు రోజులు కూర్చుంటే మూడు రికార్డింగులు ముక్కలు ముక్కలుగా వచ్చినాయి. డబ్బు కట్టినా తాళంచెవి ఇస్తారన్న నమ్మకం లేదని ఉన్నదున్నట్టు చెప్పినాను. దొంగలకు కట్టేది లేదని ఆయనే తేల్చేసినారు.

ఆ వారంలోనే మునెమ్మ అనే ఆమె అంగడికి వచ్చింది. గనిలో డ్రిల్లింగ్ చేసిన భర్త పోయి ఏడాది కావస్తా ఉంది. సంవత్సరీకం నాడు పిల్లలకు ఆయన మాట వినిపించాలని సార్‌ను అడిగితే, లాప్‌టాప్ నా అంగడిలో ఉందని చెప్పినారంట. దొరికిన మూడింటిలో ఆమె భర్తది లేదు. ఆ సంగతి నేనే చెప్పాల్సి వచ్చింది. ఆమె బెంచీ మీద కూర్చుంది.

"ఫోటో ఉండాదిలే అప్పా. ఆయన దగ్గు లేకుండా మాట్లాడింది సార్ రికార్డు చేసిన ఆ పొద్దు ఒకటే," అని లేచి పోయింది.

మర్నాడు నారాయణప్ప సార్ వచ్చినప్పుడు దాచుకోలేక చెప్పేసినాను. అప్‌డేట్ వస్తే వెంటనే చెయ్యమన్నది నేనే అని. ఆయనకు గుర్తుంది. నోటుబుక్కు తియ్యలేదు.

"నువ్వు చెప్పింది తప్పు కాదప్పా. సగమే చెప్పినావు," అన్నారు.

తర్వాత ఆయన బతికున్నవాళ్ల దగ్గరికి మళ్లీ పోయినారు. కొందరికి మాట్లాడే ఊపిరి లేదు. ఒకాయన మాత్రం, "అంతా చెప్పినాను గదా నారాయణప్పా, ఇంగ యాడినుంచి తెచ్చి చెప్పేది" అని గోడవైపు తిరిగి పడుకున్నాడంట. కొత్తగా కూడిన రికార్డింగులు తొమ్మిది.

ఆ మిగతా సగం ఇప్పుడు అంగడికి వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్తాను. వెబ్‌పేజీలో తోసుకొచ్చి అప్‌డేట్ చెయ్యమనేదాన్ని నమ్మొద్దు, మూసేయండి. మూసుకోకపోతే మిషనే ఆపేయండి. అప్‌డేట్ కావాలంటే బ్రౌజర్ సెట్టింగ్స్‌లోకి మీరే పోయి చూడండి. బ్యాకప్ డిస్కు నకలు తీసుకోగానే ఊడదీసి బీరువాలో పెట్టండి. చెప్పి వదిలెయ్యను. స్క్రూడ్రైవర్ కింద పెట్టి, పక్కన కూర్చుని, వాళ్ల చేత్తోనే ఒకసారి చేయిస్తాను. వెనక ఎంతమంది నిలబడి ఉన్నా సరే.