అరుగు మీద నుంచి చదివిన జాబితా

ఒక పుస్తకం ఎంత బరువుంటుంది? తూచి చూడలేదు గానీ, మహా అయితే రెండు కిలోలుంటుందేమో. ఆ బరువు ఇన్నేళ్లుగా నా గుండెల మీద ఉంది. మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. చెప్పాల్సిన మనిషికి చెప్పే ధైర్యమే ఉంటే ఈ కాగితాలు ఖరాబు చేసేవాణ్ణి కాదు.

నర్సీపట్నం నుంచి రోలుగుంట వెళ్లే దారిలో మా ఊరు. మా నాన్నగారు కరణం. ఏ భూమి ఎవరిది, ఎవరు దున్నుతున్నారు, ఏ గట్టు ఎక్కడిదాకా ఉంది, అంతా మా ఇంట్లో పెద్ద గది చెక్కబీరువాలో ఉండేది. ఎవరికి ఏ వివరం కావాలన్నా వచ్చి మా అరుగు కింద నిలబడాలి. నాన్నగారికి తీరికుంటే చూసి చెప్పేవారు, లేకపోతే రేపు రమ్మనేవారు. ఆ పుస్తకాలు చూపించమని అడగవచ్చని వాళ్లకు తెలియదు. మాకు తెలుసు. తెలియనట్టు ఉండేవాళ్లం.

సామ్యేలు నా క్లాస్‌మేటు. ఇద్దరం నర్సీపట్నంలో మిషను స్కూలుకి నడిచి వెళ్లేవాళ్లం, అతను కాస్త వెనకగా. వాళ్ల నాన్న ఆదివారం చర్చిలో గంట కొట్టేవాడు, మిగతా రోజులు కూలికి వెళ్లేవాడు. సామ్యేలు రాత ముత్యాల్లా ఉండేది. మాస్టారు అతని నోటుబుక్కు క్లాసంతా తిప్పి చూపించేవారు. అది నా దగ్గరికొచ్చినప్పుడు నేను చూడకుండానే పక్కవాడికి ఇచ్చేసేవాణ్ణి.

అంతవరకూ ఉంటే ఎలాగో మరిచిపోయేవాణ్ణేమో. డెబ్భైల్లో, మా చదువు అయిపోయిన ఏడాది, నాన్నగారి కళ్లకు శుక్లాలు వచ్చాయి. అడంగల్ రాయాలి. ఏ భూమి చెక్క ఎవరి సాగులో ఉందో ఏటేటా ఎక్కించే పుస్తకం అది. ముందు నన్నే కూర్చోబెట్టారు. రెండు వరుసలు రాశాక పుస్తకం కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి, "ఏటిరా ఇది? కోడి గెలికినట్టుంది" అన్నారు. మర్నాడు సామ్యేలును పిలిపించారు.

అతను మా ఇంట్లోకి రాడు, అరుగు కూడా ఎక్కడు. అది మా ఇంటి కట్టుబాటు. పశువుల శాల చూరు కింద బల్ల వేశారు. రోజూ నాన్నగారే, ఒక్క పుస్తకాన్నీ ఎవరి చేతికీ ఇవ్వని మా నాన్నగారే, దాన్ని రెండు చేతులా పట్టుకుని మెట్లు దిగి అతని దగ్గరికి తీసుకెళ్లేవారు. పక్కనే ముక్కాలిపీట వేసుకుని చెబుతుండేవారు, అతను రాస్తుండేవాడు. మధ్యమధ్యలో నాన్నగారు నవ్వేవారు. నాతో ఎప్పుడైనా అలా నవ్వారా? కిటికీలోంచి చూస్తూ కళ్లలో నిప్పులు పోసుకున్నాను. ఇంతకన్నా మర్యాదైన మాట నా దగ్గర లేదు.

ఎనభైల్లో కరణీకాలు రద్దయ్యాయి. ఆ పని చూడటానికి చదువుకున్నవాళ్లను తీసుకుంటామంటే నేనూ దరఖాస్తు పెట్టుకున్నాను, సామ్యేలూ పెట్టుకున్నాడు. మా ఊరి ఉద్యోగం సామ్యేలుకు వచ్చింది. పుస్తకాలన్నీ అతనికి అప్పగించాలని కాగితం వచ్చింది.

అప్పగింతకు ముందురోజు మధ్యాహ్నం, నాన్నగారు భోంచేసి నడుం వాల్చిన వేళ, నేను బీరువా తెరిచి ఒక పుస్తకం తీశాను. చేతికి అందినదేదో తీశానని నాకు నేను చాలాకాలం చెప్పుకున్నాను. అబద్ధం. వెతికి మరీ తీశాను. సామ్యేలు రాసిన పుస్తకమే తీశాను. అటక మీద వాడని గంగాళంలో పెట్టి పైన పాతచాప కప్పాను. ఎందుకు తీశాను? అతన్ని ఉద్యోగంలోంచి తీయించాలనా? ఆ క్షణంలో అంత ఆలోచన ఉందని చెప్పలేను. ఆ రాత ఆఫీసు బల్ల మీదికి వెళ్లకూడదు, దాన్ని పదిమందీ చూసి మెచ్చుకోకూడదు. అంతే అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే అది కూడా పూర్తి నిజం కాదేమో అనిపిస్తోంది.

మర్నాడు సామ్యేలు బండి తోలించుకుని వచ్చాడు. చేతిలో ప్రభుత్వ కాగితం ఉంది, అయినా అరుగు కిందే ఆగాడు. నాన్నగారు కుర్చీలో కూర్చున్నారు, చూపు ఆనదు. నేను పైనుంచి ఒక్కో పుస్తకం పేరూ, ఏడాదీ చదివాను. అతను కింద నిలబడి, అట్టను మోచేతి మీద ఆనించుకుని రాసుకున్నాడు. లేని పుస్తకం పేరు కూడా చదివాను. నలభై ఒకటి అన్నాను, నలభై ఒకటి అని రాసి సంతకం పెట్టాడు. పుస్తకాలు మూటలు కట్టి ఉన్నాయి, అతను విప్పలేదు. కరణంగారి ఇంటి మూట విప్పి లెక్కపెడితే మమ్మల్ని అనుమానించినట్టవుతుందని అతని భయం.

తర్వాత అతను చేసిన పని నన్ను మరీ కాల్చింది. స్కూల్లో ఖాళీ గది తీసుకుని, పుస్తకాల మూటలు బల్ల మీద పెట్టి, ఎవరి భూమి వివరం వాళ్లు వచ్చి చూసుకోవచ్చని టముకు వేయించాడు. అర్జీ ఇస్తే నకలు ఇస్తానన్నాడు. చదువురానివాళ్లకు తనే చదివి వినిపించేవాడు. మా అరుగు కింద మనిషి అలికిడి లేదు. ఊళ్లో పెద్దరైతు ఒకాయన, "ఊరి గుట్టంతా సంతలో పెడతాడా ఈడు?" అని గొడవకు దిగాడు. నేనూ ఆయన పక్కన నిలబడి తల ఊపాను.

ఆ పెద్దరైతుకూ పైడమ్మ అనే ఆవిడకూ ఒక బంజరు చెక్క మీద తగువుంది. చనిపోయిన మొగుడు సూరయ్య డెబ్భైల్లోనే దాన్ని దున్నినట్టు రుజువు ఉంటే పట్టా ఆమెకు వస్తుంది. సామ్యేలు, "నీకేటి బయం లేదప్పా, ఆ ఏడు నా సేత్తోనే రాసినాను" అని ధైర్యం చెప్పాడు. ఆ ఏటి మూట విప్పాడు. పుస్తకం లేదు.

మా ఇంటికి పొద్దున పదింటికి వచ్చాడు. నేను అరుగు మీద ఉన్నాను.

"బాబూ, ఓపాలి లోపల సూస్తారా? ఆ పుస్తకం కనబడ్డం లేదు."

"నలభై ఒకటీ ముట్టాయని సంతకం పెట్టావు కదా."

"ఎట్టినానండి. మీరు సదివినారు, నాను రాసుకున్నాను. లెక్కెట్టలేదు."

"పైకొచ్చి లెక్కపెట్టుకోవలసింది."

అతను మా మెట్ల వంక చూశాడు. మూడే మెట్లు.

"ఎక్కమంటే ఎక్కేవోణ్ణి బాబూ" అన్నాడు. "పైడమ్మకి ఏటని సెప్పను?" అన్నాడు.

నాకేం తెలుసని లోపలికి వచ్చేశాను. గంగాళం నా తల మీదే ఉంది. నిచ్చెన వేసుకుని ఎక్కితే రెండు నిమిషాల పని.

పెద్దరైతుకు అమ్ముకున్నాడని పైడమ్మ వాళ్లన్నారు, అందులో తన పేరే ఉంటే పేదలకోసం దాచాడని పెద్దరైతు అన్నాడు. ఎటుచూసినా దొంగ సామ్యేలే. ఉద్యోగం పోయింది. చెక్క పెద్దరైతుకు పోయింది. పైడమ్మ అందులోనే కూలికి వెళ్లింది. కబురు విని నాన్నగారు, "అంత మంచి దస్తూరీ ఉన్నవాడు, ఇంత అజాగ్రత్త మనిషా!" అన్నారు. ఆ ఒక్క మాట కోసమే చిన్నప్పటినుంచీ కాచుక్కూర్చున్నానని అప్పుడు తెలిసింది. ఆ పూట అన్నం రుచిగా ఉంది. మారు వడ్డించుకున్నాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, సంతోషించాను. నాన్నగారు పోయేదాకా ఆ మాట మీదే ఉన్నారు.

మొన్న మా పొలం తాలూకు నకలు కావలసి నర్సీపట్నం వెళ్లాను. ఇప్పుడు నేనూ అందరిలాగే అర్జీ పెట్టుకోవాలి. రెండుసార్లు వెనక్కి వచ్చింది. ఆఫీసు బయట ఎండకు కట్టిన పరదా కింద ఒకాయన అర్జీలు రాస్తాడు, ఆయన రాస్తే తిరిగిరాదని చెబితే వెళ్లాను. సామ్యేలు. జుట్టు నెరిసింది. నన్ను చూడగానే లేచి, తన పక్కనున్న స్టూలు మీది దుమ్ము దులిపి, "కూకోండి బాబూ" అన్నాడు.

కూర్చున్నాను. చెప్పేద్దామనుకున్నాను. అర్జీ సంగతి చెప్పాను. అతను రాస్తున్నాడు. అదే రాత. చెబితే నమ్ముతారా, ఈ వయసులో, అంత తప్పు చేసి, ఆ స్టూలు మీద కూర్చుని కూడా నేను ఆ అక్షరాలు చూసి కుళ్లుకున్నాను. రాయడం అయ్యాక కాగితం నా వైపు తిప్పి, చివర్న వేలు పెట్టి చూపించాడు.

"సదూకోని సంతకం ఎట్టండి బాబూ. ఊరికినే ఎట్టీకండి."

అందరికీ అలాగే చెబుతాడో, నాకే చెప్పాడో. అతని మొహంలో ఏమీ కనబడలేదు. సంతకం పెట్టి, బేగి లేచి వచ్చేశాను.

పుస్తకాన్ని అటక మీంచి దించి ఎదురుగా పెట్టుకుని ఇది రాస్తున్నాను. సూరయ్య పేరు ఉంది. ఎవరికీ పనికిరాకుండా, చక్కగా ఉంది. దీన్ని తీసుకెళ్లి ఆ పరదా కింద పెడతానా? పెడతానని మాటివ్వలేను, నా సంగతి నాకు తెలుసు. కానీ ఒక్క వాక్యమైనా రాసి, చదువుకుని, నాది అనుకోవాలి. సామ్యేలు పుస్తకం పోగొట్టలేదు, అమ్ముకోలేదు. అది లేదని తెలిసీ అరుగు మీద నుంచి దాని పేరు చదివింది నేను.