పైత్యమే అనుకున్నాం

నిన్న మా మనవరాలి కుక్కపిల్ల గడ్డి నమిలి ఒక్కసారి కక్కుకుంటే, ఇంటిల్లిపాదీ హడలిపోయి అల్వాల్‌లో డాక్టరు దగ్గరికి పరుగెత్తారు. కక్కిన వెంటనే మళ్ళీ గంతులేస్తోందంటే భయం లేదని ఆయన పంపించేశాడట. అందరూ నవ్వుకుంటూ ఇల్లు చేరారు గానీ, నాకు మాత్రం నవ్వు రాలేదు. చిలకలగూడలో ఉన్నప్పటి మా జిమ్మీ కళ్ళముందు మెదిలింది.

ఉమ్మడి రాష్ట్రం రోజులవి. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం మాది, నాన్నగారు మిషన్ స్కూల్లో మాస్టారు. జిమ్మీ ఏ జాతిదో మాకూ తెలియదు, దానికీ తెలియదు. పొద్దస్తమానం అమ్మ కొంగు పట్టుకు తిరిగేది; అమ్మ విసుక్కుంటూనే తన కంచంలో చివరి ముద్ద దానికే పెట్టేది. ఇక అమ్మ వైద్యం సంగతి మా ఈడు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. తల తిరిగినా, కడుపులో తిప్పినా, పచ్చగా వాంతి అయినా అన్నిటికీ ఒకటే పేరు, పైత్యం. ఒకటే మందు, జీలకర్ర కషాయం, ఆపైన లంఖణం. మేమంతా ఆ కషాయం తాగి బతికి బట్టకట్టినవాళ్ళమే కనుక అమ్మ మాటను ఎవరమూ శంకించేవాళ్ళం కాదు.

ఒక వానాకాలం జిమ్మీ పచ్చగా కక్కింది. రంగు చూడండి, పైత్యం కాక మరేమిటి అని అమ్మ తిండి మానిపించి, కషాయం చల్లార్చి పోసింది. అది కక్కేసింది. నీళ్ళు పోస్తే అవీ కక్కేసింది. మర్నాటికి పొట్ట ఉబ్బి, పిలిస్తే తోక మాత్రం కదిలించి ఓ మూల పడుకుంది. పక్కింటి దర్జీ గారి భార్యను మేం ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేవాళ్ళం. ఆవిడ గోడ మీద నుంచి తొంగిచూసి లబలబలాడింది. "యా అల్లా, గిది పైత్యం గాదక్కా! నీళ్ళు సుత నిలుస్తలేవు. జెర జల్ది డాక్టర్‌కు సూపియ్యిండ్రి." కుక్కను ఆటోలో ఎక్కించుకుపోతే వీధంతా నవ్వుతుందని నాన్నగారు ఇంకొంచెం చూద్దామన్నారు. అమ్మ సాయంత్రం ప్రార్థనలో దాని పేరు కూడా చెప్పి, మళ్ళీ కషాయం పట్టింది. అమ్మ చేతిదని అది కాదనకుండా తాగింది.

తెల్లవారాక ఇక ఆగలేక, దుప్పట్లో చుట్టి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కోసి చూస్తే పేగులో మొక్కజొన్న కండె. రోడ్డు మీద ఎవరో తిని పారేసింది మింగేసినట్టుంది. పేగు అప్పటికే పాడైపోయింది. "రంగు ఏం జేస్తదమ్మా? మాటిమాటికి కక్కుతుందా, నీళ్ళు నిలుస్తున్నయా, పొట్ట ఉబ్బిందా, నెత్తురు పడుతుందా, అది సూడాలె. గిట్లుంటే అప్పటికప్పుడే తేవాలె," అన్నాడు డాక్టరు, మెత్తగానే. జిమ్మీ మరి లేవలేదు. అమ్మ ఆసుపత్రి మెట్ల మీదే కూలబడి, నా తల్లీ, నేను పోసిందల్లా తాగావు కదే అని గుండెలవిసేలా ఏడ్చింది.

ఇప్పుడు ఏ వీధిలో చూసినా జంతువుల డాక్టరు ఉన్నాడు. కుక్కను ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కితే, ఏమైందమ్మా పాపం అని డ్రైవరే అడుగుతున్నాడు. చిన్నదానికీ పెద్దదానికీ బెంబేలెత్తిపోతారని ఇప్పటి పిల్లలను మా వాళ్ళు ఆడిపోసుకుంటూంటే, నేను వాళ్ళతో గొంతు కలపలేను. మా ఇంట్లో దాని మీద ప్రేమకేమీ కొదవ లేదు. అంత ప్రేమా ఉండి కూడా, ఆ రెండు రోజులూ మాకు భయం వేయలేదు.