నాలుగు గోళీల లెక్క

మా అల్లుడు షుగరుకు ఏదో కొత్త మందు పరీక్షలో చేరాడు. మొన్న నర్సమ్మ ఇంటికే వచ్చి రక్తం తీసుకుని, మళ్లీ ఏ రోజు వీలవుతుందని ఆయన్నే అడిగి రాసుకుంటుంటే, నేను ఒలుస్తున్న చిక్కుడుకాయలు పక్కన పెట్టి ఆమె వంకే చూస్తూ కూర్చున్నాను.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటాయి, తెలంగాణ సాయుధ పోరాటం నాటి చలిజ్వరాలు. నాకప్పుడు పదేళ్లు, మా ఊరు జనగామకు రెండు కోసుల దూరం. అక్కడి దవాఖానలో డాక్టరు చలిజ్వరానికి కొత్త గోళీ పరీక్షిస్తూ మా అమ్మ పేరు రాసుకున్నాడు. రోజూ వచ్చి తన ఎదుటే మింగాలి, ఒక్కరోజు తప్పినా పేరు కొట్టేస్తాననేది ఆయన షరతు. రెండు రోజులు పోయాం. మూడో రోజు, బాట మీద క్యాంపు వేసిన జవాన్లు, దళానికి సద్ది మోస్తున్నామంటూ మమ్మల్ని వెనక్కి తరిమారు. నాలుగో రోజు ఎట్లాగో చేరితే, డాక్టరు పేరు కొట్టేయడానికి కలం తీశాడు.

“రాకుంటే జరం సంపుతది, వస్తే తుపాకి సంపుతది. గిదేం పరీచ్చ సాబ్, మందుకా, నాకా?” అంది అమ్మ, వణుకుతూనే.

ఆయన కలం ఆగింది. ఆరు గోళీలు కట్టి ఇచ్చి, రోజుకొకటి ఇంట్లోనే మింగమని, మింగిందీ లేనిదీ, జ్వరం వచ్చిన పొద్దూ దవాఖాన కాగితం మీద రాసి తెమ్మని, నాలుగక్షరాలు వచ్చిన నాకు అప్పగించాడు.

అమ్మ రెండు మింగింది. మూడో రోజు మిట్టమధ్యాహ్నం, దళంలో తిరిగే మా అన్న, పండ్లు కొట్టుకునేంత చలితో మా జొన్నచేలోకి వచ్చాడు. అమ్మ కొంగుముడి విప్పి మిగిలిన నాలుగూ ఆయన చేతిలో పోసింది.

“మింగిన్ననే రాయి బిడ్డా” అని నాతో అంది. లేనిది రాయడం నా చేత కాలేదు. నాలుగు రోజులూ ‘మింగలేదు’ అనే రాశాను.

“గీ పిల్ల అన్న పానం తీస్తది” అని అమ్మ పండ్లు కొరికింది.

ఏడో రోజు బాట మీద జవాను ఆ కాగితం లాక్కుని, వరస వరసా వేలు పెట్టి చూశాడు. మింగని గోళీలేవని అడుగుతాడేమోనని అమ్మ నన్ను వెనక్కి లాక్కుంది. తెలుగు రానివాడు కాబట్టి, దవాఖాన ముద్ర చూసి విసిరేశాడు. డాక్టరు మాత్రం చదివాడు. ఏదో అడగబోయి, గడపలో నిలబడ్డ ఇంకో జవానును చూసి ఆగిపోయాడు.

“లెక్క సక్కగ రాసినవ్ బిడ్డా. మళ్ల మొదటి గోళీ నుంచి మొదలువెడదాం” అన్నాడు. పేరు కొట్టేయలేదు. ఆ రోజు నుంచి దూరపు ఊళ్ల వాళ్లందరికీ మందు ఇంటికే కట్టి ఇచ్చాడు. అమ్మ జ్వరం తగ్గింది.

ఇప్పుడు రోగి వీలు అడిగి రోజు పెడుతున్నారు, మందు ఎవరికి పట్టిందో పేరు పేరునా రాస్తున్నారు, సంతోషమే. అడవికి తిరిగిపోయిన మా అన్న మళ్లీ రాలేదు. ఆ నాలుగు గోళీలతో ఆయన చలి ఆగిందో లేదో ఏ కాగితంలోనూ లేదు. ఇన్నేళ్ల నా లెక్కల్లో ఖాళీగా మిగిలింది ఆ ఒక్క గడే.