బద్రీ బస్సుకు దుర్గయ్య పెట్టిన పొయ్యి

మే నెల మండుటెండలో ముప్పై ఒక్క మంది యాత్రికులను బస్సులో కూర్చోబెట్టి, తలుపులు బిగించి, హీటరు ముట్టించి, ఇడ్లీల్లా ఉడికించి, ఆపైన వాళ్లచేతే దండాలు పెట్టించుకున్న మొనగాడు నాంపల్లి ఫిట్టర్ దుర్గయ్య అని చెప్పుకుంటారు. ఆబిడ్స్ హోటళ్లలో ఈ కథ చెప్పేవాళ్లు ప్రతి చాయ్‌కీ ఒక మనిషిని కలుపుతూ పోయి, ఆ బస్సులో ఇప్పటికి తొంభై మందిని ఎక్కించారు.

అసలు జరిగింది 1968లో. విద్యాసాగర్ సేటు ఏటా వేసవిలో బద్రీనాథ్‌కు యాత్ర బస్సు నడిపేవాడు. ముందటేడు చలికి యాత్రికులు వణికిపోయారని, ఈసారి మిలిటరీ పాత సామాను వేలంలో డీజిల్‌తో మండే హీటరు ఒకటి కొన్నాడు. దాన్ని బిగించే పని దుర్గయ్యకు వచ్చింది. మిలిటరీ వర్క్‌షాపులో పనిచేసి లడఖ్ దాకా పోయొచ్చినవాడు నాంపల్లి స్టేషన్ చుట్టుపక్కల మరొకడు లేడు.

లడఖ్‌లో దుర్గయ్య ఒకటి చూశాడు. లారీలో హీటరు పెట్టుకుని పడుకున్న ఇద్దరు డ్రైవర్లు తెల్లారి లేవలేదు. హీటరు మంటనుంచి లోపల నిండిన ఆ విషపు గాలికి రంగు లేదు, వాసన లేదు. అందుకే ఈ బస్సుకు డీజిల్ డబ్బా బయటే కట్టాడు. మంటకు కావలసిన గాలి బయటినుంచే తెప్పించాడు. పొగ గొట్టం మూతిని తలుపుకూ కిటికీలకూ దూరంగా, వెనక పక్కకు తిప్పాడు.

అయినా బయలుదేరే శుక్రవారం పొద్దున అతనికి కాలు నిలవలేదు. యాత్రికులకు వండిపెట్టడానికి వెళ్తున్నది అతని భార్య కిష్టవ్వే. ఆమె గిన్నెలు సర్దుతుంటే అతను బస్సు కింద దూరుతాడు, లేస్తాడు, చేతులు కడుక్కుంటాడు, మళ్లీ దూరుతాడు. కోఠిలో కొన్న స్వెట్టర్లు ఎండలోనే తొడుక్కుని యాత్రికులు చెమటలు కక్కుతున్నారు. గన్‌ఫౌండ్రీ బ్యాంకులో రిటైరైన గుమస్తా మంకీ క్యాప్ కూడా దించలేదు.

“ఏంది దుర్గయ్యా, బస్సుకే ప్రదక్షిణాలు చేస్తున్నవు? పుణ్యమంత గీడనే సంపాదిస్తే బద్రీల మాకేం మిగులుతది?” అన్నాడు సేటు.

“జర అందర్ని దింపుండ్రి సేట్. ఒక్కసారి ముట్టించి చూస్త.”

“నిన్ననే చూస్తివి గదా.”

“నిన్న చూసింది నిన్నటికే.”

“పదిన్నరకు రాహుకాలమయ్యా.”

“రాహువు సంగతి నాకు తెల్వది. గీ పొయ్యి సంగతి తెలుసు.”

గొణుక్కుంటూ అందరూ దిగారు. దుర్గయ్య ఒక గుడ్డకు పాత ఇంజనాయిలు పూసి, పొగ రాజేసి, కిష్టవ్వ చేతికిచ్చాడు. గాలి లోపలికి పీల్చుకునే గొట్టం ముందు పట్టుకోమన్నాడు. ఆ పొగ హీటరులోంచి నడిచి వెనక గొట్టంలోంచి బయటికి రావాలి. తను లోపల ఒక్కడే కూర్చుని, కిటికీలు మూసి, హీటరు ముట్టించాడు.

“వస్తుందా పొగ?” అని లోపల్నుంచి కేకేశాడు.

“ఏం రాలే” అంది కిష్టవ్వ.

రాలేదు సరే, మరి ఎటు పోయింది? మూడో సీటు కిందనుంచి తెల్లగా, తీరిగ్గా లేస్తోంది. దుర్గయ్య హీటరు ఆర్పి, దగ్గుతూ కిందికి దూకాడు. వెనక గొట్టంలో వేలు పెడితే గోనె ముక్క తగిలింది.

“రాత్రి నేనే కుక్కిన” అంది కిష్టవ్వ. “ఆడ మంచు పడుతదంట గదా. గా బొక్కల నుంచి చలిగాలొస్తే ముసలోళ్ల కాళ్లు కొంకర్లు పోతయని.”

జనం పగలబడి నవ్వారు. “మొగుడు పొయ్యి పెడితే పెండ్లాం మూత పెట్టిందయ్యా” అన్నాడు సేటు. “గోనె పీకెయ్, పోదాం. అందరు ఎక్కుండ్రి.”

“ఎవ్వలు ఎక్కొద్దు” అన్నాడు దుర్గయ్య. “గోనె తీస్త. ఆడ మట్టో మంచో అడ్డంబడితే ఎవలు తీస్తరు? మూతి మూసుకుంటే పొగ లోపటికెట్ల వచ్చింది?”

మూడో సీటు ఊడదీశాడు. పొగ గొట్టానికి అక్కడొక అతుకు ఉంది. అతుకు సందులోంచి మసి నేలమీద పరుచుకుంది.

“ఎవడు పెట్టిండయ్యా గీ అతుకు గీడ?” అన్నాడు సేటు.

దుర్గయ్య రంపం అందుకున్నాడు. పదిన్నర దాటింది, పదకొండయింది. సేటు గడియారం చూసి, ఆకాశం చూసి, చివరికి దుర్గయ్య వీపు చూస్తూ నిలబడిపోయాడు. పన్నెండుకు బస్సు లోపల అతుకన్నది లేకుండా ఒకటే గొట్టం నేలలోంచి కిందికి దిగింది. మళ్లీ పొగ పెడితే వెనకనుంచే వచ్చింది. పడుకునేముందు హీటరు ఆర్పాలని, డీజిల్ పోసేటప్పుడు ముట్టించొద్దని డ్రైవరు చేత మూడుసార్లు చెప్పించుకున్నాడు. కిష్టవ్వ చేత నాలుగుసార్లు.

ఇరవై ఆరు రోజులు దుర్గయ్యకు అన్నం సయించలేదు. బస్సు తిరిగొచ్చింది. జోషీమఠ్ దాటాక కొండచరియ బురద గొట్టం మూతిని మూసేసిందట. పొగ బయటికి పోలేక, లోపలికి రావడానికి సందు లేక హీటరు దానంతటదే ఆరిపోయిందట. ఒక్కరికి తలనొప్పైనా రాలేదు. గుమస్తా మంకీ క్యాప్ తీసి మరీ చేతులు జోడించాడు. మహానుభావుడివన్నాడు.

దుర్గయ్య చేతులు తుడుచుకుంటూ అన్నాడు: “గట్లేం లేదు సారూ. అతుకు లోపట పెట్టింది నేనే. మా ఆమె గోనె కుక్కకపోతే నాకు తెల్వకనే పోతుండె.”