కోత పండగ మర్నాడు రాసిన పందొమ్మిది ఫారాలు

కరోనా తగ్గిన రెండో ఏడాది, నవంబరులో ఒక సోమవారం, ఖిదిర్‌పూర్‌లో నేను పందొమ్మిది అబద్ధాలు రాశాను. నోటితో ఒక్కటీ చెప్పలేదు. ఫారంలో ఒక గడిలో టిక్ పెట్టాను, అంతే. అది తెలిసే చేశాను కాబట్టి పొరపాటు అనడానికి నాకు నోరు రాదు.

అప్పుడు నేను కలకత్తాలో ఒక పోషకాహార పరిశోధన సంస్థలో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌ని. నగరంలోని వేర్వేరు జనాల్లో ఆడవాళ్ళు ఏం చదివారు, ఏం తింటున్నారు, వాళ్ళ ఆరోగ్యం ఎలా ఉంది, ఈ మూడింటికీ ఉన్న సంబంధం ఏమిటి అన్నది మా అధ్యయనం. బెంగాలీ బస్తీ ఒకటి, బీహారీ బస్తీ ఒకటి, తెలుగువాళ్ళ లైను, అంటే వరస ఇళ్ళు, ఒకటి ఎంచారు. నాది కరీంనగర్ కాబట్టి తెలుగు లైను నాకొచ్చింది. అక్కడున్నవాళ్ళు తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఎక్కువమంది మునిసిపాలిటీలో రోడ్లూడుస్తారు, చెత్తబండి తోస్తారు.

మా పనికి ట్వంటీఫోర్ అవర్ రీకాల్ అని పేరు. నిన్న నిద్ర లేచినప్పటి నుంచి ఇవాళ లేచేదాకా నోట్లోకి పోయిన ప్రతిదాన్నీ గుర్తుచేయించి రాయడం. ఎంత తిన్నారో తేల్చడానికి కొలత గిన్నెల సెట్టు ఒకటి సంచిలో ఉంటుంది. తిన్నవాటిని పది రకాలుగా విడగొట్టి, ఎన్ని రకాలు తగిలాయో లెక్కేస్తే వచ్చేది డైటరీ డైవర్సిటీ స్కోరు. అయిదుకి చేరితే ఫరవాలేదు, చేరకపోతే తిండి చాలడం లేదని అర్థం. ఫారంలో పదమూడో ప్రశ్న ఒకటుంది: నిన్న మామూలు రోజేనా? పండగో, ఉపవాసమో, జబ్బో అయితే కాదని రాసి, ఇంకో రోజు మళ్ళీ వెళ్ళాలి.

ఆ ఆడవాళ్ళు తెల్లవారకముందే చీపురు పట్టుకుని వెళ్ళి, మధ్యాహ్నం వచ్చి, మళ్ళీ వెళతారు. రెండు వారాలు తిరిగినా నాకు దొరికింది నలుగురే, వాళ్ళు కూడా సగం చెప్పి లేచిపోయారు. ఆ సోమవారం వెళితే లైనంతా ఇంట్లోనే ఉంది. అందరూ సెలవు పెట్టారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

మొదటి గుమ్మం రూతమ్మది. యాభైకి దగ్గర్లో ఉంటుంది. చేతులు చూస్తే ముప్ఫయ్యేళ్ళ చీపురు కనిపిస్తుంది.

"కూకో బాబూ. ఏటి రాస్తావు?"

"నిన్న పొద్దుగాల లేచినప్పటి సంది ఏమేం తిన్నరో చెప్పాలమ్మా."

ఆమె లోపలికి తిరిగి కేకేసింది. "ఒలే కరుణా, ఇలా రాయే! ఈ బాబు తెలుగు ఇను. సినిమాలో దొంగలు మాటాడినట్టుంది."

కోడలు కరుణ నవ్వుకుంటూ వచ్చి గుమ్మానికి ఆనుకుంది. కడుపుతో ఉంది, అప్పటికి నాలుగో నెల.

"నిన్నంటావేటి బాబూ?" అంది రూతమ్మ. "నిన్న కోత పండగ. గుడిలో అందరికీ బోయినాలు. నిన్నటిది రాసుకుంటే మేం జమీందార్లమనుకుంటారు. గురువారం రా, మేమేటి తింటన్నామో సూద్దువుగాని."

చర్చిని వాళ్ళు గుడి అనే అంటారు. పంట చేతికొచ్చినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పుకునే పండగ అది. కలకత్తా రేవు పక్కన పంటేముంది? అయినా ముత్తాతలు చేసినట్టే చేస్తారు. ఖిదిర్‌పూర్ బజారులో గుమ్మడికాయలు, అరటి గెలలు కొని తెచ్చి గుడిలో ప్రార్థన బల్ల ముందు పెడతారు. ఆరాధనయ్యాక వాటికి వేలం పాట, తర్వాత సామూహిక భోజనం. నెలల తరబడి తలా కొంత కూడబెట్టి ఆ ఒక్క పూట వేటమాంసం, అంటే మేకమాంసం, తింటారు. ఇదంతా ఆమె నాకు అయిదు నిమిషాల్లో చెప్పింది. ఎవరూ చెప్పలేదని అనే వీలు కూడా నాకు లేదు.

"ఫారంలో నిన్నటిదే రాయాలమ్మా. రూలు అట్లనే ఉంది," అన్నాను.

"రూలా? అయితే రాసుకో. మాంసం రాయి. గుడ్డు రాయి. పాయసం రెండుసార్లు తిన్నాను, అదీ రాయి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పొద్దున్న తొమ్మిదింటికి మొదలుపెట్టి, చీకటి పడేసరికి పందొమ్మిది ఇళ్ళూ పూర్తి చేశాను. ఏ ఇంట్లోనూ పదమూడో ప్రశ్న అడగలేదు. తిరిగి వెళ్ళేటప్పుడు బస్సులో కూర్చుని, పందొమ్మిది ఫారాల్లోనూ "అవును" దగ్గర టిక్ పెట్టాను. మళ్ళీ తిరగడానికి బద్ధకం. నెలాఖరుకి ఫారాలు అప్పజెప్పాలన్న తొందర. అంతకన్నా పెద్ద కారణం వెతికితే నాకు దొరకలేదు.

రెండు నెలల తర్వాత ఆ లెక్కలు ఒక హాల్లో తెరమీద పడ్డాయి. మూడు బస్తీల్లోకీ చదువు తక్కువున్నది తెలుగు లైనులో. తిండి స్కోరు ఎక్కువున్నదీ అక్కడే, దాదాపు అందరికీ ఎనిమిది. హాలంతా సంబరపడిపోయింది. ముందు వరసలో ఒక పెద్దమనిషి లేచి, "మనం ఈ తల్లుల దగ్గర నేర్చుకోవాలి. బడికి పోకపోయినా ఏం తినాలో వీళ్ళకి తెలుసు," అన్నాడు. చప్పట్లు. ఆ మాటలో ఎంత హాయి ఉందో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. చదువు చెప్పించక్కర్లేదు, కూలి పెంచక్కర్లేదు, తిండి పెట్టక్కర్లేదు. పేదవాళ్ళు వాళ్ళ తంటాలు వాళ్ళు పడుతున్నారని కాగితం మీద తేలింది, ఇంక భోజనానికి లేవచ్చు. పక్క గదిలో చేపల వేపుడు సిద్ధంగా ఉంది. ఒక్కళ్ళయినా, రోడ్లూడ్చే మనిషి రోజూ మాంసం, గుడ్డు, పాయసం ఎలా తింటుందయ్యా అని అడగలేదు. అడగవలసిన మొదటి మనిషిని నేనే. నేను వినయంగా తల వంచుకుని నమస్కారం పెట్టాను.

మార్చి నెలలో ఒక ఫోను. మేం అందరికీ ఇచ్చే అంగీకార పత్రం కింద నా నంబరు ఉంటుంది.

"బాబూ, మా తిండి రాసుకెళ్ళినోడివి నువ్వేనా? నాను రూతమ్మని. పక్క బస్తీలో కడుపుతో ఉన్నోళ్ళకి, బాలింతలకి గుడ్లు, శనగలు, బెల్లం ఇస్తన్నారు. మా కరుణకి ఇవ్వనంటన్నారు. మీ లైనుకి అక్కర్లేదని కాయితంలో ఉందంటన్నారు. ఏ కాయితం బాబూ అది?"

ఏ కాగితమో నాకు తెలుసు. మా నివేదికని బట్టే ఒక సేవాసంస్థ ఆ పొట్లాలు ఎక్కడెక్కడ పంచాలో నిర్ణయించింది. తెలుగు లైనుని జాబితాలోంచి తీసేసింది.

మర్నాడు వెళ్ళాను. కరుణకి ఎనిమిదో నెల. కంటి కింది రెప్ప లాగి చూస్తే తెల్లకాగితంలా ఉంది. ఆసుపత్రి కార్డు మీద హిమోగ్లోబిన్ ఏడు అని రాసి, దాని చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టారు. కింద "బాగా తినాలి" అని రాశారు.

"ఏటి తినాలో అక్కడే రాసి పెట్టమన్నాను దాదా," అంది కరుణ, బెంగాలీలో అన్నా అని పిలుస్తూ. "ఇంట్లో ఉన్నవాటిల్లోంచి రాయమన్నాను. నర్సమ్మకి కోపమొచ్చింది."

ఇంట్లో ఉన్నవేమిటో చూశాను. అన్నం, బంగాళాదుంప, నీళ్ళపప్పు. రుచికి ఒక ఎండుచేప ముక్క, అది నలుగురికి.

"గురువారం రమ్మన్నాను కదా," అంది రూతమ్మ. గొంతు పెంచలేదు. "నాను సెప్పానా, లేదా?"

"చెప్పినవమ్మా."

"మరి?"

కనుక్కుంటానని చెప్పి లేచొచ్చాను. ఇది నా రెండో తప్పు, మొదటిదానికన్నా నీచమైనది. వారం రోజులు ఆలోచించాను. ఉద్యోగం పోతుందా, పేరు పోతుందా, తప్పు ఒప్పుకోకుండా ఆ పొట్లాలు ఇప్పించే దారి ఏమైనా ఉందా అని. ఆ వారంలోనే కరుణ రోడ్డు ఊడుస్తూ పడిపోయింది. ఆ సాయంత్రమే నొప్పులొచ్చాయి. రెండు సీసాల రక్తం ఎక్కించారు. నెల ముందే పుట్టిన ఆడపిల్ల మూడు వారాలు ఆసుపత్రిలోనే ఉంది. తల్లీ పిల్లా బతికారు. ఆ గుడ్లు అందుంటే ఇలా జరిగేది కాదని చెప్పే చదువు నాకు లేదు. జరిగేదే అని చెప్పుకుని నిద్రపోయే హక్కు కూడా నాకు లేదు.

పిల్ల పుట్టిన మర్నాడు మా డైరెక్టరుకి ఉత్తరం రాశాను. పందొమ్మిది ఫారాల నంబర్లూ వేసి, ఆ రోజు ఏం చేశానో రాశాను. ఆయన చదివి తలుపు వేయమన్నారు.

"ఒక్క ప్రశ్నే కదా. ఆ రోజు స్థానికంగా ఏదో వేడుక ఉందని కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం పెడదాం."

"ఆ వాక్యం చదివి ఎవరూ గుడ్లు పంపరు సర్."

"నువ్వు నీ మెడకే ఉరి బిగించుకుంటున్నావు, తెలుసా?"

"ఆమె రమ్మన్న రోజు నేను వెళ్ళలేదు సర్. ఆ లైను లెక్కలన్నీ తీసేయండి."

నెలరోజులు నానబెట్టి చివరికి తీసేశారు. నా కాంట్రాక్టు మళ్ళీ పొడిగించలేదు. అందులో అన్యాయమేమీ లేదు. ఒక ఆదివారం పాస్టరుగారిని అడిగి, ఆరాధన అయ్యాక వాళ్ళ గుడిలో నిలబడి నేను చేసింది అందరికీ చెప్పాను. వెనక వరసలోంచి ఒక ముసలాయన, "తిన్న పూట రాసుకుని, తినని పూటలన్నీ మింగేశావురా నాయనా," అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

తర్వాత రెండు నెలలు, నా ఖర్చుల మీద, ఆ పందొమ్మిది ఇళ్ళకీ మళ్ళీ తిరిగాను. వారంలో వేర్వేరు రోజులు, వాళ్ళు పని నుంచి వచ్చే వేళలకి. కొందరు గుమ్మంలోంచే పొమ్మన్నారు, మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఈసారి ఒక పద్ధతి పెట్టుకున్నాను: రాసినదంతా ఆ మనిషికే బయటికి చదివి వినిపించడం. వాళ్ళ బతుకు గురించి వాళ్ళు వినని ముక్క ఒక్కటి కూడా ఆ గుమ్మం దాటి వెళ్ళకూడదు. ఇప్పుడు వేరే సంస్థలో ఇదే పని చేస్తున్నాను, కొత్తగా చేరినవాళ్ళకి ముందు నేర్పేది ఇదే. నేను పంపిన కొత్త లెక్కలు చూశాక సేవాసంస్థ ఆ లైనుకి పొట్లాలు మొదలుపెట్టింది. బాలింత కాబట్టి కరుణకీ వచ్చాయి.

పొట్లాలు రాకముందు, ఆ రెండు నెలల్లోనే, రూతమ్మ ఇంటికి గురువారమే వెళ్ళాను. కరుణ లోపల పిల్లకి పాలిస్తోంది. రూతమ్మ చెప్పింది రాసుకుని చదివాను: అన్నం, పప్పు, బచ్చలికూర, ఒక చేప ముక్క. స్కోరు నాలుగు.

ఆమె లోపలికి ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"ఆ సేప ముక్క కొట్టియ్యి బాబూ."

"ఎందుకమ్మా?"

"కంచంలో ఏసుకున్నాను గానీ తిన్లేదు. నాకు లేకపోతే మా కరుణ ముట్టదు. అది నీళ్ళకి లేచినప్పుడు దాని అన్నం కింద పెట్టేశాను. దానికి పాలు రావాల కదా."

మా పనిలో తప్పు పడినదాన్ని చెరిపెయ్యకూడదు. కింద ఏముందో కనబడేలా ఒక్క గీతతో కొట్టి, పక్కన సంతకం పెట్టాలి. చేప మీద ఒక గీత గీసి సంతకం పెట్టాను. నాలుగు కాస్తా మూడయింది. మూడే పంపాను.