మిద్దె మీద గీసిన ఇల్లు

1990 ఆగస్టు 28, మంగళవారం, సాయంత్రం. అబూ హలీఫాలో మేం అద్దెకున్న భవనం మిద్దె. హాజరైనవారు: నేను, నా భార్య, ఎదురు వాటా డ్రైవరు, ఆయన భార్య.

ఇరాక్ సైన్యం వచ్చి నాలుగో వారం. అల్ రాయ్‌లో నేను లెక్కలు రాసే గోదాము మూతపడింది. అయినా నా దిగులంతా రెండేళ్ళ కిందట కడపలో అమ్మిన అద్దె ఇంటి గురించే. అమ్మిన రెండేళ్ళలోపు ఇంకో ఇల్లు కొంటే అమ్మకంలో వచ్చిన లాభం మీద పన్ను అప్పటికి కట్టనక్కర్లేదు. సెప్టెంబరు చివరికి గడువు తీరిపోతుంది. ఊరెళ్ళిన రెండు సెలవులూ ఇల్లు వెతకడానికే సరిపోయాయి. నాకు నచ్చినవేవీ మా ఆవిడకు నచ్చలేదు.

ఎదురు వాటా ఆయనకు రాయచోటిలో అద్దెకిచ్చిన ఇల్లుంది. అది అమ్మి జీపు కొనుక్కోవాలని ఆయన ఆశ. మా ఇద్దరికీ ధర కుదిరింది. వాళ్ళకు మర్నాడు ఉదయమే దేశం దాటించే బస్సు దొరికింది; మా పేర్లింకా జాబితాలో రాలేదు. ఆ రాత్రిలోగా నేను ఖాయం చేయకపోతే, ఊరు చేరగానే ఇల్లు బావమరిదికి ఇచ్చేస్తానన్నాడు. మా ఆవిడ మాత్రం మెట్టు దిగలేదు.

"సూడని ఇల్లు కొననీను."

"సూపిస్తా రా వదినా," అన్నాడాయన.

ఆయన బడి బస్సు నడిపేవాడు. ఇంట్లో సుద్దముక్కలకు కొదవలేదు. మిద్దె పిట్టగోడ ఎత్తు కాబట్టి రోడ్డు మీది సైనికులకు మేం కనపడం. ఆయన అడుగులు చెబుతుంటే నేను టేపు పట్టాను. గోడలు, గడపలు అసలు కొలతలకే గీశాం. మా ఆవిడ చెప్పులు వాకిట్లో విడిచి లోపలికి వెళ్ళింది.

"వంటిల్లు పెద్దదే తమ్ముడూ!"

"మరి? పదిమందికి వండొచ్చు వదినా."

అంతవరకూ పక్కన బట్టలు మూటగడుతున్న ఆయన భార్య లేచింది.

"యాడిది ఇంత వంటిల్లు? కొత్తగా కట్టినావా? ఐదేండ్లు ఆ పొగలో వండినదాన్ని నేను. ఇద్దరం నిలబడితే మూడో మనిషి బయటే!" కొంగుతో గోడ చెరిపి, రెండడుగులు లోపలికి గీసింది.

"ఏమే, ఇల్లు అమ్మేది నువ్వా, నేనా?"

"అమ్మేది నువ్వే. రేపు తిట్లు తినేది నేను." ఇంకో మూలకు వెళ్ళి కాలితో చూపించింది. "ఈడ వానకు కారుతుందక్కా. రాసుకో అన్నా."

రాసుకున్నాను. ఆయన నెత్తిన చెయ్యి పెట్టుకుని కూలబడ్డాడు. బేరం పోయిందనే నేనూ అనుకున్నాను.

మా ఆవిడ ఆ ఇరుకు వంటింట్లో ఒకసారి తిరిగి, బయటికొచ్చి చెప్పులేసుకుంది.

"తమ్ముడు గీసిన ఇల్లు నాకొద్దు. చెల్లెలు గీసింది తీసుకుందాం."

డ్రైవరు మాకన్నా ముందు ఊరు చేరి కాగితాలు సిద్ధం చేసి ఉంచబట్టే, గడువు ఇంకా నాలుగు రోజులుందనగా నేను రాయచోటిలో సంతకం పెట్టగలిగాను.

మిద్దె మీద ఇల్లు గీసిన మర్నాడు ఉదయం వాళ్ళను బస్సెక్కించడానికి వెళ్ళాం. నా తొందరకు కారణం దాచడం న్యాయం కాదని ఆ దంపతులకు పన్ను సంగతి పూర్తిగా చెప్పాను: కొత్త ఇల్లు మూడేళ్ళలోపు అమ్మితే, ఇప్పుడు ఆగిన పన్ను మళ్ళీ నా మెడకు చుట్టుకుంటుంది. బస్సు మెట్టెక్కబోతున్న డ్రైవరు భార్య ఆగింది.

"మూడేండ్లు దాటినాక?"

"నా ఇష్టమమ్మా."

"అయితే మాకే అమ్మాల. మాట ఇయ్యన్నా."

కిటికీలోంచి ఆయన తల బయటికి పెట్టాడు. "ఇంగా అమ్మనే లేదు, అప్పుడే తిరిగి కొంటాంది సూడన్నా!"

బస్సంతా నవ్వింది. ఆమె మాత్రం మెట్టు మీద నుంచి కదల్లేదు. మాట ఇచ్చాను, అప్పుడు ఎక్కింది.