బిడ్డకు మొలతాడు ఎవరు కట్టారు

శ్రావణం వచ్చిన మొదటి గురువారం, పగలు పదకొండున్నర. గోడ గడియారం నా ఎదురుగానే ఉంది కాబట్టి ఆ గంటలో పొరపాటు లేదు. చోటు హోసూరులో, కెలవరపల్లి డ్యామ్‌కు పోయే రోడ్డు పక్క కొత్త లేఅవుట్‌లో పిల్లల్ని చూసుకునే ఒక క్రెష్. దాని పేరు రాయను. ఇందులో వాళ్ల తప్పు ఏమీ లేదు.

ముందే ఒక మాట. మా ఊళ్లో ఎవరికైనా దయ్యం పట్టి ఊగుతుంటే చెంబెడు నీళ్లు మొహాన కొట్టి, లేచి పని చూసుకోమన్నదాన్ని నేను. పూడ్చే చోటు పక్కనున్న చేనులో ఒంటరిగా నీళ్లు కట్టినదాన్ని. చచ్చినవాళ్లకు మనతో పని ఉండదు, బతికినవాళ్లకే ఉంటుంది అని నా లెక్క. అరవై దాటాక మా వీధిలో ఒక టీచరమ్మ దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. ఆ అక్షరాలతో ఇలాంటిది రాస్తానని అనుకోలేదు.

ఇంటి సంగతి ఇది. నా కొడుకు నాగరాజు, కోడలు సుధ, ఇద్దరూ ఫ్యాక్టరీ ఉద్యోగాలు. సుధది అనంతపురం వైపు. పనికోసం హోసూరు వచ్చి, మావాణ్ణి చేసుకుని ఇక్కడే నిలిచింది. మోటారు సామాన్లు చేసే కంపెనీలో సరుకు బాగుందో లేదో పరీక్షించే పని ఆమెది. బిడ్డ కోసం పెట్టిన సెలవు అయిపోయింది. సోమవారం చేరకపోతే ఆ చోట వేరేవాళ్లను పెట్టుకుంటామని చెప్పేశారు. బిడ్డకు ఏడాది దాటింది. విహాన్ అని పేరు పెట్టారు. నాకు నోరు తిరగదు, బుడ్డోడు అంటాను.

వాణ్ణి పగలంతా ఎవరు చూసుకోవాలి? అందరూ నావైపు చూశారు. నేను చూడనని చెప్పాను.

దాచేదేముంది. గులాబీల షెడ్లలో కూలికి వంగి వంగి నా నడుము పోయింది, మోకాళ్లు పోయాయి. నడక నేర్చిన బిడ్డ వెనక పరుగెత్తలేను. పరుగెత్తగలిగినా చూడను, నాకు ఇష్టం లేదు. ముసలిదానికి ఇష్టం లేకపోవడం అనేది ఒకటి ఉంటుందని మనవాళ్లకు తోచదు. పక్కింటి గౌరమ్మ గోడ మీదుగా తల పెట్టి అడిగింది.

"ఏమి వెంకటమ్మా, మనవడ్ని ఎత్తుకోకుండా పుస్తకం ఎత్తుకొంటే పుణ్యం వస్తుందా?"

"ఆ పుణ్యమేదో నువ్వే తీసుకో తల్లీ. రేపు పొద్దున్నే వాణ్ణి తెచ్చి నీ ఇంట్లో దింపుతాను."

ఆమె తల గోడ అవతలికి దిగిపోయింది.

మా ఇంటి ఆచారం ఒకటి ఇక్కడ చెప్పాలి. మేము బిడ్డకు మొలతాడు అంగట్లో కొనం. కన్నతల్లి కట్టదు. బిడ్డను ఎవరు సాకుతారో వాళ్లే తమ పాత చీర అంచులో నూలు లాగి, తొడ మీద మూడు పేటలుగా పేని, బిడ్డ నడుముకు ఎడమవైపు రెండు ముడులు వేసి, మిగిలిన కొసను పళ్లతో కొరకాలి. కత్తి తగలకూడదు. కట్టిన చేయి ఆ బిడ్డ ఏడుపు, జ్వరం, నడక, మాట అన్నీ మోయాలి. అందుకే నేను కట్టలేదు. ఏడాది దాటినా బుడ్డోడి నడుము బోసిగానే ఉంది.

నా ముగ్గురు పిల్లలకు కట్టింది పాపమ్మ. నా మొగుడి అక్క, నాకు వదిన. చిన్నతనంలోనే మొగుడు పోయి పుట్టింటికి వచ్చేసింది. నేను తెల్లారకముందే తోటల వ్యాన్ ఎక్కి పోతే, మా ఊరు కుందారపల్లి ఇంట్లో ఆ ముగ్గురినీ పెంచింది ఆమే. పిల్లలు పాపత్త అని పిలిచేవాళ్లు. ముక్కుపొడి రంగు చీర ఒకటి ఉండేది, ఎప్పుడూ అదే కట్టేది. పోయినప్పుడు ఆ చీర ఆమె ఒంటికి చుట్టింది నేనే, ఆ చీరతోనే పూడ్చాం. ఆమె పెంచిన ముగ్గురిలో ఒక్కరూ పిడికెడు మట్టి వేయడానికి రాలేదు. ఒకరికి షిఫ్టు, ఒకరికి పరీక్ష, ఒకరికి ఆడబిడ్డ ఇంట్లో గృహప్రవేశం. సుధ ఆమెను చూడలేదు. పెళ్లికి ముందే ఆమె పోయింది.

నాగరాజు మాత్రం ఇంట్లోనే ఆయాను పెడదామన్నాడు. రాయకోట నుంచి దేవకి అనే ఆమె వచ్చింది. వచ్చీ రాగానే చేతులు కడుక్కుని బిడ్డను ఎత్తుకుంది. మంచి మనిషి.

"పగలంతా ఈడ ఎవరుంటారప్పా?" అని నాగరాజును అడిగింది.

"మా అమ్మ ఉంటుంది."

"నేను ఉండను," అన్నాను.

దేవకి బిడ్డను కిందికి దించేసింది. "అట్లయితే నాకు కుదరదమ్మా. బిడ్డ తనంతట తానే పడినాడని ఎవరు చెప్తారు? ఒంటి ఇంట్లో ఏమైనా ఆయానే గిచ్చింది అంటారు. ఇంటి మనిషి ఒకరు కండ్ల ముందర ఉంటేనే నేను వచ్చేది."

ఆమె మాట న్యాయమే. ఆమె పోయాక నాగరాజు నా మీద పడ్డాడు. "నువ్వు ఊరికే కూర్చోమ్మా, చాలు."

"ఊరికే కూర్చునేది అని ఒక పని ఉందారా? కూర్చుంటే కాపలా. కాపలా అంటే సాకినట్టే."

సుధకు మొదటినుంచీ క్రెష్ మీదే మనసు. అక్కడ నలుగురు మనుషులు తిరుగుతుంటారు, కెమెరా ఉంటుంది, తోటి పిల్లలుంటారు అంది. నాకూ అదే సరిగా తోచింది. నాగరాజు గొణిగాడు, "కనేసి పరాయోళ్ల దగ్గర పారేసేదా?"

"నిన్ను కనేసి నేను గులాబీల దగ్గరికి పోలేదా? నువ్వేమైనా చెడిపోయినావా?" అన్నాను.

అట్లా ఆ గురువారం బిడ్డను అలవాటు చేయడానికి క్రెష్‌కు తీసుకుపోయాం. అద్దె ఇల్లే. ముందు గది, వెనక పిల్లలు పడుకునే గది, పక్కన వంటిల్లు. వెనక గదికి ఒకటే వాకిలి. కిటికీకి దోమతెర మేకులతో కొట్టేసి ఉంది. ఇవన్నీ నేను తర్వాత పోయి చేత్తో తడిమి చూశాను.

సుధ ముందు గదిలోనే బిడ్డకు గుడ్డ మార్చింది. ఆయా సెల్వి పక్కనే నిలబడి పౌడర్ అందించింది. నడుముకు ఏమీ లేదు. ఇది నేను, సుధ, సెల్వి ముగ్గురం చూశాం. తర్వాత సెల్వి వాణ్ణి లోపలికి తీసుకుపోయి మిగతా పిల్లల పక్కన చాప మీద పడుకోబెట్టింది. కొత్తవాళ్ల దగ్గర నిద్రపోనివాడు, రెండు నిమిషాల్లో కళ్లు మూశాడు. సెల్వి వాకిట్లోనే కూర్చుని గుడ్డలు మడవసాగింది. ఇంకో ఆయా మేరీ వంటింట్లో పప్పు మెదుపుతోంది, ఆ చప్పుడు వినపడుతూనే ఉంది. నేను, సుధ, నాగరాజు, క్రెష్ నడిపే జయంతి మేడం ముందు గదిలో ఉన్నాం. గోడకు టీవీ లాంటిది పెట్టి అందులో వెనక గది చూపిస్తున్నారు.

సుధ కళ్లు దాని మీదే. ఉన్నట్టుండి, "అత్తా, బాబు లేస్తున్నాడు," అంది.

చూశాను. వాడు లేవడం లేదు. తల, మడమలు చాప మీదే ఉన్నాయి. నడుము ఒక్కటే పైకి లేచింది. తాడు చుట్టడానికి బిడ్డ నడుము కిందికి ఎవరైనా చేయి దూర్చితే లేస్తుంది చూడండి, అట్లా. కాసేపు అట్లానే నిలిచి మెల్లగా దిగింది. పైకి జరిగిన చొక్కా అంచు దానంతటదే కిందికి వచ్చింది, సర్దినట్టు. వాడు నిద్రలోనే నవ్వాడు.

"కల కంటున్నాడు," అంది జయంతి మేడం.

అప్పుడే గడియారం చూశాను.

వాడు లేచాక సెల్వి గుడ్డ మార్చబోయి అక్కడినుంచే అరిచింది. "అవ్వా, ఈ అర్ణాకయిరు ఎవరు కట్టినారు?" మొలతాడును తమిళంలో అట్లా అంటారు. పోయి చూశాను. మూడు పేటలు. ఎడమవైపు రెండు ముడులు. కొస తడిగా, పీచు పీచుగా, పళ్లతో కొరికినట్టుంది. ముక్కుపొడి రంగు.

చాప మీదే కూలబడ్డాను.

నాగరాజు మొదట పెళ్లాం మీదే పడ్డాడు. "నువ్వే కట్టినావు. క్రెష్‌కు నన్ను ఒప్పించాలని నాటకం ఆడతా ఉండావు."

సుధకు ఏడుపు వచ్చేసింది. ఆమెకు మా ఆచారం తెలుసు, నేనే చెప్పాను. కానీ ఆమె వేసుకునేది చుడీదార్లు. ఆ రంగు బట్ట మా ఇంట్లో ఒక్కటీ లేదు. పైగా ఆమె నా పక్కనుంచి లేవలేదు. జయంతి మేడం కెమెరాలో వెనక్కి తిప్పి చూపించింది. నాలుగైదు సార్లు చూశాం. గదిలోకి ఎవరూ రాలేదు. సెల్వి వాకిట్లోనే ఉంది, ఆమె వీపు కనిపిస్తోంది. బిడ్డ నడుము లేస్తుంది, నిలుస్తుంది, దిగుతుంది. అంతకు ముందు లేని తాడు, చొక్కా కిందికి రాకముందు ఒక్క క్షణం కనిపిస్తుంది.

"ఇది మీ పాపత్త చీర," అన్నాను నా కొడుకుతో.

"పాండి ఈడినుంచి," అన్నాడు.

"ఎందుకు పోయేది? కట్టినోళ్లే సాకాల. ఆమె ఈడ కట్టింది, ఈడే చూసుకుంటుంది. బిడ్డని ఈడ వదిలిపెట్టు. సుధని పనికి పోనీ."

"మతి ఉండాదా నీకు? చచ్చినోళ్ల చేతిలో బిడ్డని పెట్టి పొమ్మంటావా?"

"నిన్ను పెట్టి పోయింది కూడా ఆ చేతిలోనే కదరా. అన్నం తక్కువ పెట్టిందా, నిన్ను కొట్టిందా? చెప్పు."

సుధ నా పక్కన కూర్చుని మెల్లగా అడిగింది. "అత్తా, ఆమె నిజంగా మంచిదేనా?"

"నాకంటే మంచిది," అన్నాను.

సుధ కళ్లు తుడుచుకుని, సరే వదిలేద్దాం అన్నట్టు మొగుడివైపు చూసింది. ఆ చూపు నేను చూశాను. ఆమె ఒప్పుకుంది. అదీ నేను చెప్పాలనుకున్నది. భయపడుతూనే ఒప్పుకుంది. కానీ మా ఇంట్లో ఒప్పుకోవాల్సింది ఆమె కాదు. నాగరాజు జయంతి మేడం బల్ల మీది కత్తెర తీసుకుని తాడు కత్తిరించేశాడు. పొద్దున్నుంచీ ఒక్కసారీ ఏడవని బిడ్డ అప్పుడు గుక్కపట్టాడు. నాగరాజు దాన్ని కాగితంలో చుట్టి, తిరిగి వచ్చేటప్పుడు వంతెన మీద బండి ఆపి ఏట్లోకి విసిరేశాడు.

జయంతి మేడం కూడా మమ్మల్ని మళ్లీ రావద్దంది. "ఈ మాట బయటికి పోతే ఒక్క బిడ్డ కూడా ఈడికి రాదమ్మా, నా పొట్ట కొట్టొద్దు," అని చేతులు పట్టుకుంది. కెమెరాలో ఉన్నది మా ఎదుటే తుడిచేసింది. అందుకే మీకు చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. దేవకికి ఫోన్ చేస్తే వేరే ఇంట్లో చేరిపోయానంది.

సోమవారం వచ్చింది, పోయింది. సుధ పనికి పోలేదు. ఇప్పుడు ఇంట్లోనే ఉంటోంది. కంపెనీ బస్సు మా వీధి మలుపులో హారన్ కొడితే చేతిలో పని ఆపేస్తుంది, బస్సు పోయాక మళ్లీ మొదలుపెడుతుంది. నన్ను ఒక్కసారి కూడా బిడ్డను చూడమని అడగలేదు. అడిగినా చూడను. ఈ కథ విన్నవాళ్లంతా నన్నే తిడతారు. తిట్టుకోండి. ఇద్దరు ఆడవాళ్ల చేతుల మీదుగా పెరిగి, మూడో ఆడదాని పని మానిపించినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు.

నేను అన్ని విధాలా ఆలోచించాను. సెల్వి కట్టిందేమో అనుకుంటే, మా ముడి ఆమెకు ఎట్లా తెలుసు? ఆ చీర మట్టిలో ఉంది. నూలు ఎక్కడిది? కొస తడి ఎవరిది? నాకు అంతుపట్టలేదు, ఇకమీదట పట్టేటట్టూ లేదు. ఒకటి మాత్రం తెలుసు. ఆమె మా ఇంట్లో వంట చేసి, పిల్లల ముడ్డి కడిగి, పొయ్యి పక్కన పడుకున్నన్నాళ్లూ ఆమెను చూసి ఎవరూ భయపడలేదు. ఎవరూ చూడనే లేదు. చచ్చాక ఒక్క తాడు కట్టిందని ఇల్లంతా వణికింది.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు: జయంతి మేడం, ఆయాలు సెల్వి, మేరీ. చాప మీద పడుకున్న రితిక, జోయల్, కవలలు హరిణి, హరీష్. నా మనవడు విహాన్. నా కొడుకు నాగరాజు, కోడలు సుధ. నేను, వెంకటమ్మ. ఇంకొక పేరు రాయడానికి నా కొడుకు ఒప్పుకోడు. తమిళ బడిలో చదివినవాడు, తెలుగు చదవడం రాదు కాబట్టి రాస్తున్నాను. పాపమ్మ.